అరెస్టు కాని అబ్బులు

మల్లవరప్పేట టౌను పోలీసు స్టేషనులో ఆర్నెల్లుగా ఒక్క అరెస్టు కూడా జరగలేదు. ఊళ్లో దొంగతనాలు ఆగిపోయాయని కాదు. అరెస్టులు ఆగిపోయాయి, అంతే.

ఈ సంగతి తాళాల అబ్బులు భార్య నూకరత్నానికి తెలియదు. బస్టాండు పక్కన గొడుగు కింద కూర్చుని ఎవరిదో సైకిలు తాళంచెవిని ఆకురాయితో రుద్దుకుంటున్న తన మొగుణ్ణి మంగళవారం పొద్దున్న ఇద్దరు కానిస్టేబుళ్లు జీపెక్కించుకుని పోయారన్నది మాత్రమే ఆమెకు తెలుసు. పక్కన అరటిపళ్లమ్మే ఆమె పరుగెత్తుకొచ్చి చెప్పింది. నూకరత్నం పొయ్యి మీద పప్పు దించి, తలుపు దగ్గరికి వేసి, స్టేషనుకి నడిచింది.

స్టేషను గుమ్మానికి మామిడాకుల తోరణం కట్టి ఉంది. లోపల బల్ల వెనక కూర్చున్న రైటరు ధనరాజు, అంటే స్టేషను రాతకోతలన్నీ చూసే కానిస్టేబులు, ఆమెను చూసి లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు. పోలీసాయన తనకు దణ్ణం పెట్టడం నూకరత్నం బతుకులో అదే మొదలు.

"మా ఆయన్ని అరెస్టు చేసేరంటండి. ఏం చేసేడండి?"

ధనరాజు నాలిక కరుచుకుని అటూ ఇటూ చూశాడు. "అమ్మా, ఆ మాట ఈ ఆవరణలో వాడకూడదు. మీ వారు మా అతిథి."

"అతిథేటండి?"

"మా సి.ఐ. గారు ఆహ్వానించారు. మీ వారు విచ్చేశారు."

"జీపులో ఎక్కించుకొచ్చేరంటగదండి."

"వాహన సౌకర్యం కల్పించాం."

"చెరో రెక్కా పట్టుకున్నారంటండి."

"ఆసరా ఇచ్చాం," అన్నాడు ధనరాజు.

దీని వెనక ఒక సర్క్యులరు ఉంది. ఆ జిల్లాలో ఏదో స్టేషనుకు ఏదో కోర్టు గట్టిగా చీవాట్లు పెట్టాక, జిల్లా ఆఫీసు అన్ని స్టేషన్లకూ నాలుగు పేజీల కాగితం పంపింది. కారణం చెప్పకుండా ఎవరినీ అరెస్టు చెయ్యరాదు. చేసినవాణ్ణి ఇరవైనాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. సోదాలు పద్ధతి ప్రకారం చెయ్యాలి. నిందితుణ్ణి తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని నిర్బంధించరాదు. ఈ విషయాల్లో ఒక్క ఉల్లంఘన కూడా లేని స్టేషనుకు ఏడాది చివర 'రాజ్యాంగ మిత్ర' షీల్డు ఇవ్వబడును.

మల్లవరప్పేట సి.ఐ. శరభేశ్వరరావు ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాడు. మిగతా స్టేషన్ల వాళ్లు ఒకసారి చదివి ఫైల్లో పెట్టేసుకున్నారు కాబట్టి వాళ్లకు అందనిది ఆయనకు అందింది. ఈ హక్కులన్నీ అరెస్టయినవాడికి. అరెస్టే లేకపోతే ఉల్లంఘించడానికి హక్కేదీ ఉండదు. ఆ మర్నాడే లాకప్పుకి నీలం రంగు వేయించి, ఊచలకు ప్లాస్టిక్ పూలు చుట్టించి, పైన 'అతిథి మందిరం' అని బోర్డు పెట్టించాడు.

ధనరాజు నూకరత్నాన్ని ఆ మందిరం దాకా సాదరంగా తీసుకెళ్లాడు. అబ్బులు లోపల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. మెడలో బంతిపూల దండ ఉంది. తలుపుకి బయట అరచెయ్యంత తాళం ఉంది.

"తాళం ఎందుకండి?"

"అతిథి భద్రత, అమ్మా. వారికేమన్నా అయితే మాకు మాట."

అబ్బులు ఊచల దగ్గరికి వచ్చాడు. మనిషి నెమ్మదస్తుడు, అబద్ధం ఆడటం రాదు, పది మాటల్లో చెప్పేది రెండు మాటల్లో చెప్పి ఊరుకుంటాడు. "రత్నం, కాఫీ ఇచ్చేరు," అన్నాడు.

"ఎప్పుడొత్తావయ్యా?"

"అదడిగితే మర్యాద కాదంటన్నారు."

అప్పుడే సి.ఐ. శరభేశ్వరరావు తన గదిలోంచి వచ్చాడు. విగ్రహం పెద్దది, గొంతు అంతకన్నా పెద్దది. నూకరత్నానికి కుర్చీ వేయించి విషయం విశదపరిచాడు. మునిసిపల్ చైర్మన్ గారింట్లో వెండి భోజనం సామాను, పన్నెండు కంచాలూ పన్నెండు గ్లాసులూ, కనపడకుండా పోయింది. బీరువా తాళం పగల్లేదు. అంటే తాళం సంగతి తెలిసినవాడెవడో తీశాడు.

"ఈ పట్టణంలో తాళం సంగతి తెలిసినవారు మీ వారొక్కరే," అన్నాడు సి.ఐ. "దీన్ని మీరు అనుమానం అనుకోకూడదు. అభిమానం అనుకోవాలి."

"ఆ సామాను ఈయనకేటి తెలుసండి? ఈయన చైర్మన్ గారింటి గుమ్మం కూడా తొక్కలేదండి."

"అందుకే మేం విచారణ చెయ్యడం లేదు. విచారణ అన్నది ఈ స్టేషనులో రద్దయింది. కేవలం కుశల ప్రశ్నలు."

కుశల ప్రశ్నలంటే ఏమిటో మర్నాడు అబ్బులు ఊచల్లోంచి చెప్పాడు. "ఒంట్లో బాగుందా అబ్బులు గారూ అనడుగుతారు. బాగుందంటాను. చైర్మన్ గారి వెండి కంచాలకి కూడా బాగుందా అంటారు. నాకు తెలీదండీ అంటాను. మౌనంగా ఉండే హక్కు తమకి పూర్తిగా ఉంది, తమ మౌనం అయ్యేదాకా మేం ఆగుతాం అని ఎదురుగా కూర్చుంటారు. నేను మౌనంగా లేనండీ, తెలీదని చెప్తన్నానండీ అంటే, అదే మౌనం అంటారు."

"పడుకోనిత్తన్నారా?"

"పడుకోమంటారు. గంటకోసారి లేపి, నిద్ర బాగా పట్టిందా అనడుగుతారు."

అబ్బులు కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. నూకరత్నం కొంగుతో మొహం తుడుచుకుని, తెచ్చిన క్యారేజీ ధనరాజు ముందు పెట్టింది. ధనరాజు దాన్ని వినయంగా వెనక్కి జరిపాడు. అతిథి బయటినుంచి తెప్పించుకుని తింటే ఆతిథ్యమిచ్చేవారికి చిన్నతనమట.

గురువారం ఆమె ఇంటికి నలుగురు కానిస్టేబుళ్లు పళ్లెంలో పండూ తాంబూలం పట్టుకుని వచ్చారు. పళ్లెం ఆమె చేతికిచ్చి, చెప్పులు బయట విడిచి, లోపలికి వెళ్లి బియ్యం డబ్బా బోర్లించారు. దిండ్లు విప్పి దూది తీశారు. దేవుడి పటాలు తిప్పి వెనక చూశారు. పక్కింటి వాళ్లంతా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"సోదా చెయ్యాలంటే కాయితం ఉండాలంటగదండీ," అంది నూకరత్నం. ఆ ముక్క ఆమెకు పక్కింటి మాస్టారు చెవిలో వేశాడు.

"సోదాకైతే కావాలమ్మా," అన్నాడు వాళ్లలో పెద్దాయన, ఆవాల డబ్బాలో వేలు పెడుతూ. "చుట్టపుచూపుకి కాయితం ఎవరన్నా అడుగుతారా?"

వెళ్తూ వెళ్తూ అబ్బులు తాళంచెవుల గుత్తులూ, తళతళలాడుతోంది కాబట్టి ఆమె స్టీలు క్యారేజీ కూడా పట్టుకుపోయారు. స్వాధీనం చేసుకోవడం కాదట. జ్ఞాపికగా స్వీకరించడమట. ఇల్లు చాలా బాగుందని, మళ్లీ వస్తామని చెప్పి చెప్పులు వేసుకున్నారు. నేలంతా బియ్యమూ దూదీ కలిసి పడి ఉన్నాయి. నూకరత్నం చాట తెచ్చుకుని కూర్చుని ఏరడం మొదలుపెట్టింది. సగం ఏరాక చాట పక్కన పెట్టేసి ప్లీడరు దగ్గరికి వెళ్లింది.

ప్లీడరు సాంబమూర్తి గారు ఇంటి అరుగు మీదే ఆఫీసు పెట్టుకున్న పెద్దమనిషి. ఆయన కళ్లజోడు సర్దుకుని, కోర్టులో చెప్పినట్టే చెప్పారు. "రాజ్యాంగం చాలా గొప్పదమ్మా. అరెస్టయినవాడికి ఎందుకు అరెస్టు చేశారో చెప్పి తీరాలి. వాడు తనకిష్టమైన ప్లీడర్ని పెట్టుకోవచ్చు. ఇరవైనాలుగు గంటల్లో దగ్గర్లో ఉన్న మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. నీ నేరం నువ్వే ఒప్పుకోమని వాణ్ణి బలవంతపెట్టకూడదు."

నూకరత్నం వేళ్లు ముడిచి లెక్కపెట్టుకుంది. "ఇయన్నీ మా ఆయనకి కూడా ఉంటాయాండి?"

"భేషుగ్గా ఉంటాయి. అరెస్టయ్యాడు కదా?"

"లేదంటండి. అతిథంటండి."

ప్లీడరు గారు కళ్లజోడు తీసేశారు. "హైకోర్టులో రిట్టు వెయ్యొచ్చు. వాళ్లు ఏ పేరు పెట్టినా నిర్బంధం నిర్బంధమే అని వాదించొచ్చు. మీ ఆయన్ని అక్కడ ఆపి ఉంచినట్టు ఒక్క కాయితం ముక్క పట్రా, చాలు."

ఆమె స్టేషనుకి వెళ్లి కాయితం అడిగింది. ధనరాజు ఏ మాత్రం విసుక్కోకుండా, పసుపు పచ్చని కాయితం మీద గుండ్రటి అక్షరాలతో రాసి, స్టేషను ముద్ర కొట్టి ఇచ్చాడు. శ్రీ అబ్బులు గారు తమ ఆవరణలో సగౌరవంగా బస చేసియున్నారనియు, వారి రాకతో స్టేషను పునీతమైనదనియు అందులో ఉంది.

సాంబమూర్తి గారు అది చదివి తిరిగి ఇచ్చేశారు. "ఇది పెళ్లి శుభలేఖలా ఉందమ్మా. దీన్ని పట్టుకెళ్తే హైకోర్టు అక్షింతలు వేస్తుంది, నా మీద."

ఆ రాత్రంతా ఆలోచించి నూకరత్నం ఒక నిర్ణయానికి వచ్చింది. శనివారం పొద్దున్నే తలారా స్నానం చేసి స్టేషనుకి వెళ్లి, సి.ఐ. గారి బల్ల ముందు నిలబడి చేతులు కట్టుకుంది.

"మా ఆయన్ని అరెస్టు చెయ్యండి బాబూ. మీకు పుణ్యముంటది."

శరభేశ్వరరావు కుర్చీలో వెనక్కి వాలాడు. ఎవరో చెంపమీద కొట్టినట్టు చూశాడు. "అమ్మా, ఏం లోటు చేశాం?"

"లోటేం లేదండి. అరెస్టు చేత్తే ఒక రోజులో కోర్టుకి తీసుకెళ్తారంట గదండి."

"కారణం ఉండాలి కదా. నిష్కారణంగా అరెస్టు చెయ్యడం రాజ్యాంగ విరుద్ధం."

నూకరత్నం కారణాలు తెచ్చుకునే వచ్చింది. పోయినేడు తీర్థానికి వెళ్తూ అబ్బులు సైకిలు మీద ముగ్గుర్ని ఎక్కించాడు. పక్కింటి కోడి వాకిట్లోకొస్తే దాని మీద చెప్పు విసిరాడు. ఆమె పెట్టెకి దొంగ తాళంచెవి చేసి, ఆమె కొత్త చీర తీసి తన చెల్లెలికి పెట్టాడు. ఈ మూడోది చెప్పేటప్పుడు ఆమె గొంతులో నిజమైన కోపం వచ్చింది.

సి.ఐ. అంతా ఓపిగ్గా విన్నాడు. తర్వాత గోడ మీదున్న బోర్డు చూపించాడు. ఆర్నెల్లకు ఆరు గడులు గీసి, ప్రతి గడిలో ఎర్ర రంగుతో పెద్ద సున్న చుట్టి ఉంది. "ఇది తపస్సమ్మా. ఒక్క అరెస్టుతో ఇదంతా భగ్నం. మీ చీర కోసం నా సున్న చెరపమంటారా?"

"పోనీ నన్ను చెయ్యండి. ఆ కంచాలు నేనే తీసేనండి."

"ఎంత మాట. మీరు కూడా అతిథిగా రావచ్చు. మహిళా మందిరానికి రంగు వేయిస్తున్నాం. సోమవారానికి ఆరుతుంది."

నూకరత్నం రెండడుగులు వెనక్కి వేసి, దణ్ణం పెట్టి, వీధిలోకి వచ్చేసింది. కాంపౌండు గోడ దాటాక గాని ఊపిరి తీసుకోలేదు.

సోమవారం ఆమె కోర్టుకి కూడా వెళ్లి చూసింది. బెంచి గుమాస్తా తలెత్తకుండా కేసు నంబరు అడిగాడు. కేసు లేదంది. కేసు లేని మనిషిని కోర్టు గుర్తించదని చెప్పి, ఆయన పెన్నులో సిరా పోసుకున్నాడు.

బుధవారం మధ్యాహ్నం అరటిపళ్లామె మళ్లీ పరుగెత్తుకొచ్చింది. వెండి సామాను దొరికింది. చైర్మన్ గారి భార్య వాటిని వియ్యపురాలింట్లో సీమంతానికి తనే ఇచ్చి, ఇచ్చిన సంగతి మరిచిపోయిందట. పన్నెండు కంచాలూ పన్నెండు గ్లాసులూ తోమించి మరీ తిరిగి పంపారట. నూకరత్నం చెప్పుల్లేకుండానే స్టేషనుకి పరుగెత్తింది.

"విన్నామమ్మా, చాలా సంతోషం," అన్నాడు సి.ఐ. "మీ వారి మీద మా అభిమానం వృథా కాలేదు."

"మరి ఒదిలేత్తారా అండి?"

"వదలడానికి మేం పట్టుకుంటే కదా. విడుదల చెయ్యాలంటే ముందు అరెస్టు చేసి ఉండాలి. అది లేదు. ఇక అతిథి సెలవు తీసుకోవడమన్నది ఆతిథ్యమిచ్చేవారి సౌకర్యాన్ని బట్టి ఉంటుంది." ఆయన గొంతు కాస్త తగ్గించాడు. "చూడమ్మా, శుక్రవారం షీల్డు ఇస్తున్నారు. జిల్లా నుంచి పెద్దలొస్తారు. మిగతా అతిథులంతా వెళ్లిపోయారు. ఇప్పుడున్నది మీ వారొక్కరే. అతిథి లేని మందిరం ఏం చూపించను?"

నూకరత్నానికి ఏడుపు వచ్చింది. ఏం చెయ్యాలో తోచక, ఊరికే అడగాలి కాబట్టి అడిగింది. "షీల్డు ఎవరిత్తారండి?"

"మన మేజిస్ట్రేటు విమలారాణి గారు. ముఖ్య అతిథి."

ఆమె ఏడుపు ఆగిపోయింది. దగ్గర్లో ఉన్న మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి అని ప్లీడరు గారన్న మాట బుర్రలో ఒక చుట్టు తిరిగింది. కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ కొంగు దించేసరికి ఆమె మొహంలో వేరే కళ ఉంది.

"అయ్యా, మా ఆయన్ని మీరు చూసినట్టు అత్తారింట్లో కూడా ఎవరూ చూళ్లేదండి. ఈ మర్యాదలు పదిమందికి తెలియొద్దాండి? ఆ మేజిస్ట్రేటు గారి ముందర, వేదిక మీద, ఆయన చేత నాలుగు ముక్కలు చెప్పించండి. మీ గురించి మీరు చెప్పుకుంటే ఏం బాగుంటదండి?"

శరభేశ్వరరావు కళ్లు చెమర్చాయి. ఆర్నెల్లలో ఈ పద్ధతిని అర్థం చేసుకున్న మొదటి పౌరురాలు ఆమే. "ధనరాజూ, ఉపన్యాసం రాయి," అని కేకేశాడు.

నూకరత్నం ఊచల దగ్గరికి వెళ్లి మొగుడితో మెల్లిగా చెప్పింది. "వాళ్లేం రాసిత్తే అది చదువు. ఆ మేడం గారేమన్నా అడిగితే మాత్రం ఉన్నదున్నట్టు చెప్పు."

"ఉన్నదే గదా చెప్పేది," అన్నాడు అబ్బులు.

శుక్రవారం పదింటికి స్టేషను ఆవరణలో షామియానా వేశారు. వేదిక మీద డి.ఎస్.పి. గారు, చైర్మన్ గారు, మధ్యలో మేజిస్ట్రేటు విమలారాణి గారు. ఆమె ఊరికి కొత్త. వయసు ముప్పై దాటి ఉండదు. సి.ఐ. స్వాగతోపన్యాసంలో, ఈ ఆర్నెల్లలో అరెస్టులు సున్న, సోదాలు సున్న, విచారణలు సున్న అని ఒక్కో సున్నకీ ఆగుతూ చెప్పాడు. ప్రతి సున్నకీ డి.ఎస్.పి. గారు చప్పట్లు కొట్టారు. నూకరత్నం మూడో వరసలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

అబ్బులును కొత్త దండతో వేదిక ఎక్కించారు. అతను కాగితం రెండు చేతులా పట్టుకుని, మొదటి తరగతిలో చదివినట్టు చదివాడు. "గౌరవనీయులైన పెద్దలకు నమస్కారం. ఈ మందిరంలో గడిపిన పదకొండు రోజులూ నాకు ఏ లోటూ రాలేదు. సి.ఐ. గారు నన్ను కన్నతండ్రిలా చూసుకున్నారు."

చప్పట్లు మోగాయి. విమలారాణి గారు చప్పట్లు కొట్టలేదు. కొంచెం ముందుకు వంగారు.

"మీదే ఊరు అబ్బులు గారూ?"

"ఈ ఊరేనండి. బస్టాండెనకాల ఇల్లండి."

"ఇల్లు ఊళ్లోనే ఉంటే పదకొండు రోజులు ఇక్కడెందుకు ఉన్నారు?"

అబ్బులు కాగితం తిప్పి చూశాడు. ఆ జవాబు అందులో రాసి లేదు. "తాళం బయటేసుందండి," అన్నాడు. "నేను తాళాల పనోణ్ణేనండి. లోపల్నించి తీద్దునండి. మర్యాద కాదేమోనని ఊరుకున్నానండి."

షామియానా కింద ఎవరో నవ్వబోయి దగ్గారు. మేజిస్ట్రేటు గారు సి.ఐ. వైపు తిరిగారు. "ఇలా వచ్చి వెళ్లినవారికి రికార్డు ఏమన్నా ఉందా?"

"లేకపోవడమేమిటి మేడం," అని శరభేశ్వరరావు ఛాతీ విరిచి, అట్ట వేసి, బంగారు కాగితం అంటించిన అతిథుల రిజిస్టరు స్వయంగా తెచ్చి ఇచ్చాడు. ఆమె పేజీ తీసి పైకి చదివారు. అతిథి పేరు అబ్బులు. ఆగమనం మంగళవారం ఉదయం పది ఇరవై. తోడ్కొని వచ్చినవారు ఇద్దరు కానిస్టేబుళ్లు. అడిగిన కుశల ప్రశ్నలు రెండువందల పద్నాలుగు. నిర్గమనం అన్న చోట ఏమీ లేదు.

"ఈ సంతకం మీదేనా?"

"ప్రతి పేజీలోనూ నాదే మేడం."

"మంచిది," అన్నారామె. "ఇన్‌స్పెక్టర్ గారూ, మనిషి వెళ్లాలనుకున్నప్పుడు వెళ్లలేకపోతే దాన్ని అరెస్టు అంటారు. తలుపు మీద బోర్డు ఏదైనా సరే. మీరీయన్ని మంగళవారం పది ఇరవైకి అరెస్టు చేశారు. బుధవారం పది ఇరవైలోగా నా ముందుకు తేవాల్సింది. ఇవాళ తెచ్చారు, దండతో సహా. ఏ కేసులో?"

శరభేశ్వరరావు ధనరాజు వైపు చూశాడు. ధనరాజు చైర్మన్ గారి వైపు చూశాడు. చైర్మన్ గారు తన గోళ్లు చూసుకున్నారు.

"కేసు లేదండి," అన్నాడు ధనరాజు చివరికి.

"అయితే ఈయన ఇంటికి వెళ్లొచ్చు. ఈ రిజిస్టరు నాతో వస్తుంది."

ఆమె రిజిస్టరు చంకలో పెట్టుకుని లేచారు. డి.ఎస్.పి. గారి చేతులు మరో చప్పట్టుకి లేచి గాల్లోనే ఆగిపోయాయి. బల్ల మీద షీల్డు మెరుస్తూ ఉండిపోయింది. దాన్ని ఎవరికివ్వాలో తెలియక జిల్లా వాళ్లు మళ్లీ గుడ్డలో చుట్టుకుని పట్టుకుపోయారు. నూకరత్నం వేదిక దగ్గరికి వెళ్లి మొగుడి మెడలో దండ తీసి కుర్చీ మీద పడేసి, చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి నడిపించింది. ఇంటికి వెళ్లాక అబ్బులు మర్నాటి సాయంత్రం దాకా పడుకున్నాడు. నిద్ర బాగా పట్టిందా అని అతన్ని ఎవరూ అడగలేదు.

శరభేశ్వరరావు మీద విచారణ వేశారు. సస్పెండయిన కోపంలో ఆయన ఆఫీసు బీరువా తాళంచెవులు జేబులో వేసుకుని సొంతూరు వెళ్లిపోయాడు. జిల్లా ఆఫీసు జరిగినదంతా లోతుగా పరిశీలించి, లోపమెక్కడుందో కనిపెట్టి, ఇంకో సర్క్యులరు పంపింది. ఇకమీదట స్టేషన్లలో ఎవరికీ కాఫీ ఇవ్వరాదు.

వారం తర్వాత బస్టాండు గొడుగు ముందు జీపు ఆగింది. ఓ కానిస్టేబులు దిగి, "అబ్బులూ, కొత్త సి.ఐ. గారి బీరువా తెరుచుకోవట్లేదు. ఓసారి స్టేషనుకి రా," అన్నాడు.

అబ్బులు ఆకురాయి కింద పెట్టాడు. "అరెస్టాండి?"

"అరెస్టెందుకయ్యా? మర్యాదగా పిలుస్తున్నాం."

"మర్యాదకైతే రానండి," అన్నాడు అబ్బులు. "అరెస్టయితే వత్తానండి. కాయితం మీద కారణం రాసిమ్మని చెప్పమంది మా ఆవిడ."

కానిస్టేబులు జీపెక్కి వెళ్లిపోయాడు. రెండు గంటల తర్వాత నలుగురు పోలీసులు తోపుడుబండి మీద ఇనప బీరువాని తోసుకుంటూ, చెమటలు కక్కుతూ, బస్టాండుకి వచ్చారు.

"పక్కకి పెట్టండి," అన్నాడు అబ్బులు. "ముందొచ్చినోళ్ల సైకిలు తాళం అవనివ్వండి."